పాతాళగంగ - పంపుసెట్టు - పగటి ఎండ

(విశ్రాంత విద్యుత్ ఉద్యోగుల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“వర్ధమాన దేశాల్లో సుస్థిర ఇంధనం, పర్యావరణ ఇంజనీరింగు” అన్న విషయంపై మాట్లాడమని కార్యదర్శిగారు ఉత్తరం రాశారు. పేరు చాలా పెద్దది. అంతర్జాతీయ సభల్లో దీని గురించి మాట్లాడే మహామహులు ఎందరో ఉన్నారు. నేను ఆపరేషన్ సెక్షన్లలో, సబ్‌డివిజన్లలో పనిచేసి రిటైరైన వాణ్ణి. కనుక ఈ పెద్ద విషయంలోకి నాకు తెలిసిన చిన్న తలుపు గుండా వెళతాను. ఆ తలుపు వ్యవసాయ పంపుసెట్టు.

పంపుసెట్టే ఎందుకంటే, అక్కడ మూడూ కలుస్తాయి. కరెంటు కలుస్తుంది, నీరు కలుస్తుంది, రైతు బతుకు కలుస్తుంది. మన దేశంలో వాడే విద్యుత్తులో సుమారు ఆరో వంతు సాగుకే పోతుంది. భూగర్భజలాన్ని ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా తోడుకునే దేశం మనది. 2023 నాటి ప్రభుత్వ అంచనా ప్రకారం ఏడాదికి దాదాపు 241 బిలియన్ ఘనపు మీటర్లు తోడుతున్నాం. అందులో సుమారు 87 శాతం సేద్యానికే. ఈ ఒక్క యంత్రాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటే, పెద్ద పేరున్న ఆ విషయంలో సగం అర్థమైనట్టే.

మోట నుంచి మోటారు దాకా

మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. మోట తోలడం, ఏతాం తొక్కడం చూసినవాళ్లు ఈ సభలో ఇంకా ఉన్నారు. మోటకు ఒక హద్దు ఉండేది. ఎద్దులు అలిసిపోతే నీళ్లు ఆగిపోయేవి. బావిలో ఎంత ఊట ఉందో అంతే తోడేవారు. రాత్రి ఊరిన నీరు మర్నాటి సాగుకు. ఎవరూ చట్టం చేయకపోయినా, తోడకానికీ ఊటకూ ఒక రాజీ ఉండేది.

1959 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చి, పల్లెలకు లైన్లు లాగడానికీ పంపుసెట్లకు కనెక్షన్లు ఇవ్వడానికీ అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో దేశం తిండిగింజలకు ఓడల వైపు చూస్తూ ఉండేది. ఒక పంపుసెట్టుకు కనెక్షన్ ఇస్తే నాలుగు గింజలు ఎక్కువ పండుతాయని బోర్డూ ప్రభుత్వమూ నమ్మాయి. ఆ నమ్మకం తప్పు కాదు. కాలువలు లేని మెట్ట ప్రాంతాల్లో, తెలంగాణలో, రాయలసీమలో, రైతు నాలుగు మెతుకులు తిన్నాడంటే ఈ మోటారే కారణం. టార్గెట్లు వేసుకుని, ఎండనక వాననక స్తంభాలు పాతి, లైన్లు లాగిన చేతులు ఈ సభలో ఉన్నాయి. ఆ పనికి మనం సిగ్గుపడవలసిన అవసరం లేదు.

కాని మోటకున్న హద్దు మోటారుకు లేదు. దిగుడుబావి ఎండితే బావిలో బోరు వేశారు. అదీ ఎండితే విడిగా బోరుబావి వేశారు. నూరడుగుల బోరు మూడువందలైంది. కొన్నిచోట్ల వెయ్యి అడుగులు కూడా దాటింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్నట్టు, నా బోరు పక్కన ఇంకా లోతు బోరు పడితే నాది ఎండుతుంది. నేను దానికంటే లోతుకు వెళతాను. నీళ్లు పడని బోరు ఖర్చు వడ్డీతో సహా రైతు నెత్తిమీద ఉంటుంది. మన మెట్ట జిల్లాల రైతు అప్పుల పుస్తకం తెరిస్తే, ఎరువుల పద్దుతోపాటు తప్పకుండా కనిపించేది ఈ బోర్ల పద్దే.

ఒక ఎకరం లెక్క

మిత్రులారా, ఇంజనీరింగు అంటే చివరికి లెక్కే. అందుకని ఒక ఎకరం లెక్క మీ ముందు పెడతాను. ఇంటికెళ్లి పిల్లలచేత సరిచూపించండి.

బోరు కింద యాసంగి వరి వేశారనుకోండి. పంటకాలం మొత్తానికి మడిలో పెట్టే నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు. ఒక ఎకరానికి అది దాదాపు 4,850 ఘనపు మీటర్లు, అంటే 48 లక్షల లీటర్ల పైచిలుకు. ఈ నీటిని పైపుల రాపిడితో కలిపి 60 మీటర్లు ఎత్తాలనుకుందాం. నష్టమేమీ లేకుండా ఎత్తగలిగితే సుమారు 790 యూనిట్లు చాలు. కాని పొలాల్లోని పంపు, మోటారు, పైపులు అన్నీ కలిపి చూస్తే, పెట్టిన కరెంటులో 30 శాతం మాత్రమే నీటిని ఎత్తే పనికి వస్తోందనుకుందాం. పాత సెట్లకు ఇది అసాధారణమైన సంఖ్య కాదు. అప్పుడు 790 కాస్తా 2,640 యూనిట్లవుతుంది.

ఆ కరెంటు పొలానికి చేరేలోపు లైన్లలో 15 శాతం పోయిందనుకుంటే, పవర్‌హౌసు నుంచి బయలుదేరవలసింది 3,100 యూనిట్లు. అదంతా బొగ్గు కరెంటే అయితే, యూనిట్‌కు సుమారు 700 గ్రాముల చొప్పున రెండు టన్నులకు పైగా బొగ్గు. మన బొగ్గులో మూడోవంతు బూడిద. అంటే ఏడువందల కిలోల బూడిద, దానికి తోడు పొగ. ఆ ఎకరంలో పండే ధాన్యం ఎంత? బాగా పండితే పాతిక క్వింటాళ్లు. రెండున్నర టన్నుల వడ్ల కోసం రెండు టన్నుల బొగ్గు కాలుస్తున్నామన్నమాట.

ఇక నీటి లెక్క. మన రాతి నేలల్లో నీరు నిలిచేది పైనున్న చవుడు రాతి పొరలోనూ, దాని కిందనున్న పగుళ్లలోనూ మాత్రమే. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడే చోట, భూమిలోకి ఇంకేది మహా అయితే పదోవంతు, అంటే 60 మిల్లీమీటర్లు. ఒక ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు తోడామంటే, 20 ఎకరాల మీద ఇంకిన వానను ఒక ఎకరంలో పెట్టామన్నమాట. మడిలో పెట్టిన నీటిలో సగం తిరిగి ఇంకి భూమిలోకే వెళుతుందని ఎవరైనా అనవచ్చు. నిజమే. అలా అనుకున్నా పది ఎకరాల వాన ఒక ఎకరానికి పోయింది. పైగా తిరిగి ఇంకిన నీరు మళ్లీ దక్కుతుంది గాని, దాన్ని పైకెత్తడానికి ఖర్చైన కరెంటు తిరిగి రాదు. అదే నీటిని మళ్లీ ఎత్తడానికి మళ్లీ కరెంటు కావాలి.

నష్టం ఎక్కడెక్కడ

పై లెక్కలో 790 యూనిట్ల పని 2,640 ఎందుకైందో చూద్దాం. ఇది మన వృత్తికి సంబంధించిన భాగం. మనలో ప్రతివారికీ తెలిసినదే గాని, పిల్లల కోసం మళ్లీ చెబుతాను.

మొదటిది పంపు. బోరు వేసిన రోజు 40 మీటర్ల దగ్గర నీరుందని దానికి తగిన పంపు కొంటారు. నాలుగేళ్లకు నీరు 70 మీటర్లకు దిగుతుంది. పంపు తనకు తగని ఎత్తులో, తక్కువ నీటితో, అంతే కరెంటుతో తిరుగుతుంది. రెండోది, బావుల మీద పెట్టే మోనోబ్లాక్ సెట్లకు ఫుట్‌వాల్వు, పైపులు. ఇరుకు ఫుట్‌వాల్వు, సన్నని ఇనుప పైపు, అవసరం లేని వంపులు, ఇవన్నీ నీటి గొంతు పిసికేవే. రాపిడి తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, కాస్త లావు పీవీసీ పైపు వేస్తే అదే మోటారు ఎక్కువ నీళ్లు పోస్తుంది.

మూడోది కెపాసిటరు. మోటారు పవర్ ఫ్యాక్టరు 0.7 ఉన్నదాన్ని 0.9కి తెస్తే లైనులో కరెంటు 22 శాతం తగ్గుతుంది. లైను నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అది దాదాపు 40 శాతం తగ్గుతుంది. 3 హెచ్.పి. మోటారుకు 1, 5 హెచ్.పి.కి 2, ఏడున్నరకు 3, పది హెచ్.పి.కి 4 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు చాలు. ఇంత చవకగా ఇంత మేలు చేసే వస్తువు మన శాఖ మొత్తంలో మరొకటి లేదు. అయినా పొలాల్లో కెపాసిటర్లు ఎందుకు నిలవవు? కెపాసిటరు వల్ల మేలు లైనుకు, ట్రాన్స్‌ఫార్మరుకు, పక్క రైతుకు. ఒక్కడే పెట్టుకుంటే అతనికి తేడా కంటికి కనబడదు. ట్రాన్స్‌ఫార్మరు కిందనున్న పదిమందీ పెట్టుకుంటేనే అందరికీ వోల్టేజీ పెరుగుతుంది. ఊరందరిదీ ఒక దారి కావలసిన పని ఇది.

నాలుగోది లో-టెన్షన్ లైను. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దాన్నుంచి కిలోమీటర్ల కొద్దీ ఎల్.టి. లైను లాగితే చివరి రైతుకు వోల్టేజీ అందదు. వోల్టేజీ తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు కాలుతుంది. రీవైండింగు ఖర్చు రైతుది. విసిగిపోయి అతను 5 హెచ్.పి. తీసి ఏడున్నర పెడతాడు. దాంతో ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పెరిగి అదీ కాలుతుంది. అది బాగయ్యి వచ్చేదాకా పైరు ఎండుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే హై వోల్టేజీ పంపిణీ పద్ధతి. 11 కె.వి. లైనునే బోర్ల దగ్గరదాకా తీసుకెళ్లి, ఇద్దరు ముగ్గురు రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం. అదే శక్తిని 415 వోల్టులకు బదులు 11,000 వోల్టుల మీద పంపితే కరెంటు 26వ వంతు అవుతుంది. అదే తీగలో నష్టం సుమారు 700వ వంతుకు పడిపోతుంది. దీని మరో గుణం మనుషులకు సంబంధించినది. ముగ్గురికి కలిపి ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంటే అది ‘మాది’ అనిపిస్తుంది. పాతిక మందికి కలిపి ఉంటే ఎవరిదీ కాదు.

ఉచితం మాట

ఇప్పుడు అందరూ ఎదురుచూసే మాటకు వస్తాను. 1980 దశకం మొదట్లో వ్యవసాయానికి మీటరు రీడింగు పోయి, హెచ్.పి. లెక్కన స్లాబు వచ్చింది. 1999లో బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో ఏర్పడ్డాయి. 2000లో నాలుగు పంపిణీ సంస్థలు వచ్చాయి. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత సరఫరా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా విధానమైంది.

దీని మీద ఒక పక్షం “రైతులు దుబారా చేస్తున్నారు” అంటుంది. ఇంకో పక్షం “రైతు కడుపు కొట్టకండి” అంటుంది. నాకు రెండూ సగం నిజాలే అనిపిస్తాయి. కాలువ కింద రైతుకు ప్రభుత్వం వేల కోట్లతో ఆనకట్ట కట్టి నామమాత్రపు శిస్తుకు నీళ్లిస్తోంది. బోరు కింద రైతు తన బోరు తానే వేసుకుని, తన మోటారు తానే కొని, కాలితే తానే బాగు చేయించుకుంటాడు. అతనికి కరెంటు దగ్గర సాయం చేయడం అన్యాయమని నేననను. యూనిట్‌కు ఏడు రూపాయల సరఫరా ఖర్చు వేసుకుంటే ఇందాకటి ఎకరానికి ప్రభుత్వం సుమారు 18 వేల రూపాయలు ఇస్తున్నట్టు. రైతుకు ఆ 18 వేలూ ఇవ్వవలసిందే అనుకుందాం. అందులో ఎంత రైతుకు చేరింది? పది రూపాయలిస్తే మూడు రూపాయలు నీటిని ఎత్తింది, ఏడు రూపాయలు వేడిగా పోయింది. సాయం రైతుకు చేస్తున్నామా, రాపిడికి చేస్తున్నామా అన్నది నా ప్రశ్న.

ఈ సొమ్ము మనకు పరాయిది కాదు. సంస్థలకు రావలసిన సబ్సిడీ ఆలస్యమైతే మరమ్మతులు ఆగుతాయి, అప్పులు పెరుగుతాయి. బోర్డు కాలంనాటి మన పెన్షన్ల బాధ్యత కూడా చివరికి ఈ సంస్థల పద్దుల్లోదే. అత్త సొమ్ము అల్లుడు దానం అని మనం ఊరుకోవడానికి లేదు.

గంటల విషయంలో కూడా ఒక మాట. వెనకటి రోజుల్లో వ్యవసాయానికి రాత్రిపూట సరఫరా ఇచ్చేవారు. రాత్రి లోడు తక్కువ, బొగ్గు యూనిట్లను ఆపలేం, అందుకని ఆ మిగులు పొలాలకు పంపేవారు. గ్రిడ్డు దృష్టిలో అది సరైన లెక్క. కాని రాత్రి రెండు గంటలకు టార్చిలైటుతో పొలానికి వెళ్లిన రైతును పాము కరిచింది. తడి చేత్తో స్టార్టరు ముట్టుకుని ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ బాధ తప్పించుకోవడానికే రైతులు ఆటోస్టార్టర్లు పెట్టారు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేచేవి, ఫీడరు ట్రిప్పయ్యేది, మడి నిండినా మోటారు ఆగేది కాదు. తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలుపెట్టేటప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చిందంటే కారణం ఇదే.

రైతులే కొలిచిన ఊళ్లు

మరి నీటి వాడకాన్ని ఎలా అదుపు చేయాలి? 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటాం. బావులు నమోదు చేయాలని, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. కాని లక్షల బోర్ల దగ్గర కాపలా కాయడం ఏ అధికారికీ సాధ్యం కాదు.

ఇదే కాలంలో ఇంకో ప్రయత్నం జరిగింది. ప్రపంచంలో చాలామంది దాని గురించి చదివారు గాని, మనలో చాలామందికి తెలియదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, ‘రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు’ అనే పథకం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని వందలాది పల్లెల్లో నడిచింది. అంతకుముందు నెదర్లాండ్స్ సాయంతో జరిగిన ఏపీవెల్ పథకం అనుభవం దీనికి పునాది.

ఈ పథకంలో నిషేధం లేదు. నగదు ప్రోత్సాహం లేదు. చేసిందల్లా కొలవడం నేర్పడమే. ఊళ్లోని రైతులు, వారిలో ఆడవాళ్లు కూడా, పదిహేను రోజులకొకసారి పరిశీలన బావుల్లో నీటి మట్టం కొలిచారు. వానమాపకంలో వాన కొలిచారు. పంపు ఎంత నీరు పోస్తోందో కొలిచారు. ఆ అంకెలు ఊళ్లో గోడ మీద రాశారు. వర్షాకాలం ముగిశాక అందరూ కూర్చుని, ఈ ఏడు భూమిలో ఎంత నీరు చేరింది, మనం వేయదలచిన యాసంగి పంటలకు ఎంత కావాలి అని బడ్జెట్టు వేసుకున్నారు. చాలాచోట్ల లోటు తేలింది. లోటు కంటి ముందు కనబడ్డాక, ఏ పంట వేయాలో ఎవరికి వారు ఇంటికెళ్లి నిర్ణయించుకున్నారు. కొందరు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. కొందరు డ్రిప్పు, స్ప్రింక్లర్లు పెట్టుకున్నారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భజలాలపై వెలువరించిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా చర్చించింది.

దీన్ని మంత్రదండంలా చెప్పడం నా ఉద్దేశం కాదు. పథకం ముగిశాక చాలా ఊళ్లలో కొలతలు ఆగిపోయాయని తరువాతి పరిశీలనల్లో తేలింది. అడిగేవారు లేకపోతే ఏ రిజిస్టరైనా ఆగిపోతుంది. సబ్‌స్టేషను లాగ్‌బుక్కు రాసినవాళ్లం, మనకా సంగతి బాగా తెలుసు. అయినా అది ఒక విషయం రుజువు చేసింది. బడి చదువు తక్కువైన రైతు కూడా ఘనపు మీటర్లలో ఆలోచించగలడు, అంకెలు అతని చేతికిస్తే.

ఎండ ఉచితం, నీరు కాదు

ఇప్పుడు సౌరశక్తి రోజులు. 2010 ప్రాంతంలో మన దేశంలో సౌర విద్యుత్తు వేలంలో యూనిట్ ధర పన్నెండు రూపాయల చుట్టూ ఉండేది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో అది రెండు రూపాయల లోపుకు వచ్చింది. కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 2017కే తయారైంది. మనం సర్వీసులో చేరినప్పుడు ఎవరైనా ఈ మాట చెబితే నవ్వి ఊరుకునేవాళ్లం.

2019లో కేంద్రం కుసుమ్ పథకం తెచ్చింది. అందులో మూడు దారులున్నాయి. చిన్న సౌర విద్యుత్ కేంద్రాలు పొలాల్లో పెట్టడం ఒకటి. లైను లేనిచోట విడి సౌర పంపులు ఇవ్వడం రెండు. ఇప్పటికే లైను ఉన్న పంపులను, లేదా మొత్తం వ్యవసాయ ఫీడరును సౌరశక్తితో నడపడం మూడు.

విడి సౌర పంపును చూసి చాలామంది సమస్య తీరిపోయిందనుకుంటారు. కరెంటు సమస్య తీరుతుంది, నిజమే. పొగ లేదు, బిల్లు లేదు, రాత్రి వెళ్లనక్కర లేదు. కాని ఒకసారి పలకలు పెట్టాక ఇంకొక గంట తోడడానికి ఖర్చు సున్నా. ఎండ ఉన్నంతసేపూ ఆపడానికి కారణం లేదు. నీరు దిగిపోతున్న ఊళ్లో సౌర పంపు పెట్టడమంటే, బావిని ఇంకా తొందరగా ఎండగట్టడమే కావచ్చు. ఇది ఉచిత కరెంటు కథే, వేషం మార్చుకుని వచ్చింది. చవక కరెంటుతో భూగర్భజలం తోడే మెక్సికో లాంటి దేశాల్లోనూ ఇదే సమస్య కనబడుతోంది.

దీనికి ఒక తెలివైన జవాబు గుజరాత్‌లో దొరికింది. ఖేడా జిల్లా ధుండి గ్రామంలో ఆరుగురు రైతులు 2016లో సౌర సేద్య సహకార సంఘంగా ఏర్పడ్డారు. వారి పలకలను గ్రిడ్డుకు కలిపారు. తోడగా మిగిలిన యూనిట్లను పంపిణీ సంస్థ కొంటుంది. అంటే ఆ రైతుకు ఎండ కూడా ఒక పంట అయింది. మడి నిండాక మోటారు ఆపితే నష్టం లేదు, రాబడి. 2018లో పంజాబ్ కూడా ఇలాంటిదే ఇంకో రూపంలో చేసింది. నీరు కాపాడి సొమ్ము సంపాదించమంటూ, రైతుకు ఇంత అని యూనిట్లు కేటాయించి, మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు చెల్లించే ప్రయోగం మొదలుపెట్టింది. రెండింటిలోనూ కీలకం ఒక్కటే. పొదుపు చేసినవాడికి ఆ పొదుపు దక్కాలి. అలా దక్కాలంటే కొలత ఉండాలి. మీటరంటే బిల్లు అనే భయం రైతులో ఉన్నంతకాలం ఇది జరగదు. ఆ భయం పోగొట్టే మాట ప్రభుత్వాలు చెప్పాలి, చెప్పిన మాట మీద నిలబడాలి.

మన రెండు రాష్ట్రాలకూ ఫీడరు సౌరీకరణ దారి బాగా తగినదని నా అభిప్రాయం. గుజరాత్‌లో 2003 నుంచి 2006 దాకా జ్యోతిగ్రామ్ పథకం కింద ఊరి ఫీడరును, పొలాల ఫీడరును వేరు చేశారు. అలా వేరైన ఫీడరుకు సబ్‌స్టేషను పక్కనే నాలుగైదు ఎకరాల్లో ఒక మెగావాటు పలకలు పెడితే, పగటి సరఫరాకు బొగ్గు కాల్చనక్కర లేదు, దూరపు లైన్ల నష్టం లేదు. ఒకప్పుడు మిగులు కరెంటు అర్ధరాత్రి ఉండేది, ఇప్పుడది మిట్టమధ్యాహ్నం వైపు మళ్లింది. రైతుకు కావలసిందీ మధ్యాహ్నమే. గ్రిడ్డు లెక్కా, రైతు సుఖమూ ఒకచోట కలవడం ఇదే మొదటిసారి.

మనం చేయగలిగినవి

రిటైరైనవాళ్లం, మన మాట ఎవరు వింటారని నిరుత్సాహపడకండి. మనలో చాలామందికి ఊళ్లో నాలుగెకరాలుంది. మనమే చేసుకుంటున్నాం, లేదా తమ్ముడో, కౌలుదారో చేస్తున్నాడు. అక్కడ చేయగలిగినవి చెబుతాను.

ఒకటి, పంపును కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 50 సెకన్లయితే సెకనుకు 4 లీటర్లు. దాన్ని నీరు ఎత్తే మొత్తం మీటర్లతో గుణించి 102తో భాగించండి. 60 మీటర్లయితే వచ్చేది 2.35 కిలోవాట్లు. అంటే నీటికి చేరిన శక్తి అంత. మోటారు లాగేది ఆరున్నర కిలోవాట్లయితే సామర్థ్యం 36 శాతం. టాంగ్ టెస్టరు పట్టడం మనకు కొత్త కాదు. కొలిచిన అంకె కౌలుదారుకు చెప్పండి.

రెండు, కెపాసిటరు, ఎర్తింగు చూడండి. మీ ఒక్కరిదే కాదు, ట్రాన్స్‌ఫార్మరు కిందనున్న అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. మాజీ విద్యుత్ ఉద్యోగి పిలిస్తే వస్తారు.

మూడు, పంట మార్చే మాట మాట్లాడండి. ఇందాకటి లెక్కలో వరికి బదులు 500 మిల్లీమీటర్లతో పండే వేరుశనగ వేస్తే 2,640 యూనిట్లు 1,100 అవుతాయి. పంపు సామర్థ్యాన్ని 30 నుంచి 50 శాతానికి తెస్తే 660కి దిగుతాయి. అంటే నాలుగోవంతు. నీరు కూడా సగానికి పైగా మిగులుతుంది. వరే వేయాలంటే, మడిలో చిల్లుల గొట్టం పాతి, నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందకు దిగాకే మళ్లీ తడి పెట్టే పద్ధతి ఉంది. పూత దశలో మాత్రం నీరు నిలపాలి. దానివల్ల నీరు ఆదా అవుతుంది, మడుల నుంచి వచ్చే మీథేన్ వాయువూ తగ్గుతుంది. అయితే ఒక మాట మరవకండి. వరికి కొనేవాడు ఉన్నాడు, ధర ఉంది. మిగతా పంటలకు ఆ ధైర్యం లేనప్పుడు ఉపన్యాసాలతో పంట మారదు. ఆ ధైర్యం కల్పించమని ప్రభుత్వాన్ని అడగడం కూడా మన పనే.

నాలుగు, ఇంకో బోరు వేద్దామని ఇంట్లో ఎవరైనా అంటే వెంటనే డబ్బు పంపకండి. మూడు బోర్లు ఎండిన చోట నాలుగోది పడుతుందన్న ఆశకు ఆధారం లేదు. ఆ సొమ్ముతో డ్రిప్పు, పైపులైను, పొలంలో ఇంకుడు కుంట ఎంతవరకు వస్తాయో ముందు లెక్క కట్టండి. పట్నంలోనో, విదేశంలోనో ఉన్న పిల్లలు తాతముత్తాతల పొలం మీద ప్రేమతో బోర్లకు డబ్బు పంపుతుంటారు. ఆ ప్రేమకు ఈ లెక్క తోడు కావాలి.

ఐదు, మన ఇంటి పైకప్పు. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల కేంద్ర రాయితీ ప్రకటించారు. ఒక కిలోవాటుకు నీడ పడని వంద చదరపు అడుగులు చాలు. రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. ఇంటి వాడకం చూసి, అవసరమైనంతే పెట్టించుకోండి. జీవితమంతా ఇతరులకు సర్వీసు కనెక్షన్లు ఇచ్చినవాళ్లం, ఇప్పుడు గ్రిడ్డుకే నాలుగు యూనిట్లు ఇవ్వవచ్చు.

చివరిగా ఒక మనవి. మన సంఘంలో మీటరు రీడింగు తెలిసినవారున్నారు, లైను తెలిసినవారున్నారు, లెక్కలు, ఆడిటు తెలిసినవారున్నారు. ప్రతి శాఖా తన పరిధిలో ఒక్క ట్రాన్స్‌ఫార్మరును ఎంచుకుని, దాని కిందనున్న బోర్ల నీటి మట్టం, పంపుల పోత, పంటలు ఒక సంవత్సరంపాటు రిజిస్టరులో రాయాలని ప్రతిపాదిస్తున్నాను. ఖర్చు ఒక టేపు, ఒక డ్రమ్ము, ఒక నోటుపుస్తకం. వచ్చే వార్షిక సమావేశంలో ఆ రిజిస్టర్లు ఈ బల్ల మీద పెడదాం. కార్యవర్గం ఈ ప్రతిపాదనను ఈరోజే చర్చకు తీసుకోవాలని కోరుతున్నాను.